పెట్టెకు మృదంగము నేర్పుట



నేను ఫిడేలు వాయించువాడను. యంత్రములయెడ నాకు చనవు లేదు. ఇంటిలో ఇస్త్రీపెట్టె చెడినచో దానివంక ఒకమారు గంభీరముగా చూచి, ఎవరినైన పిలిపింపుడని చెప్పి, వీధి అరుగుమీదికి బోయి కూర్చుండు స్వభావము గలవాడను. అట్టివాడను అరువదియెనిమిదవ యేట నా వాద్యమును ఇంటియందు నేనే ముద్రించుకొనుటకును, కంప్యూటరుచేత మృదంగము వాయింపించుటకును పూనుకొంటిని. ఏల పూనుకొంటినో, ఎట్లు నేర్చుకొంటినో, నడుమ నెట్టి తప్పు చేసితినో ఈ పూట మీకు విన్నవించుకొనెదను.

మాది విజయనగరము. 1919 లో అచ్చట మహారాజావారి సంగీతకళాశాల నెలకొన్నది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. ద్వారము వేంకటస్వామినాయుడుగారు అందు ఫిడేలు పాఠములు చెప్పిరి. ఆ యూరిలో కమాను చేతబట్టిన ప్రతివానికిని, ఆ గోడలు తన అపస్వరమును వినుచున్నవేమోయని యొక బెదురు నేటికిని కలదు. నాకా బెదురును కొంత తీర్చినవారు మా అన్నయ్యగారు. తోబుట్టువు కారు; నా కచేరీలకు ముప్పదిరెండేండ్లు మృదంగము వాయించినవారు, నాకంటె ఆరేండ్లు పెద్దవారు. తమ పేరు చెప్పుటకు వారు ఒప్పుకొనలేదు. మూడేండ్ల క్రిందట వారికి పక్షవాతము వచ్చెను. కొంతకాలమునకు మాట తిరిగివచ్చెను, నడకయు వచ్చెను, కుడిచేయి మాత్రము రాలేదు.

మృదంగమున ఎడమమూతకు తడిపిన రవ్వముద్ద అంటింతురు. అది గంభీరముగా మ్రోగును. కుడిమూతకు నల్లని కరణి యుండును. మాటలన్నియు ఆ మూతయందే పుట్టును. నం, ది, చాపు, మీటు – ఇవన్నియు కుడిచేతి సొమ్ము. కుడిచేయి పోయిన మార్దంగికునకు ఇక మిగిలినది ఊకొట్టుట యొక్కటే.

అటుపిమ్మట నేను ఇంట ఒంటరిగా సాధకము చేయుచుంటిని. ఫిడేలు వాయించువానికి తాళము వేయుటకు చేయి ఖాళీ లేదు గదా! కాలితో వేయగా క్రిందివాటావారు నిచ్చెన తెచ్చి తమ పైకప్పు పరీక్షించుకొనిరి. నా యవస్థ చూచి మా మనుమరాలు సెలవులకు వచ్చినపుడు ఒక మైకును, అరచేయి వెడల్పుగల యొక పెట్టెను, హెడ్‌ఫోనును కొనితెచ్చి, ఉచితముగా దొరకు సాఫ్టువేరును కంప్యూటరులో అమర్చి, "తాతయ్యా, ఇందులో నీకు కావలసిన తాళము నీవే వేసికొనవచ్చును" అని చెప్పి, నాలుగవనాడు తన కళాశాలకు వెడలిపోయెను. ఆ నాలుగు దినములలో నాకు చక్కగా పట్టుబడినది ఒక్క మీట. చేసిన తప్పును చేయనట్లు చేయునది. అట్టి మీట ఆ కంప్యూటరునందు తప్ప లోకమునం దెచ్చటను లేదు.

మొదట ముద్రణ సంగతి. 1902 లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటను పట్టినపుడు మైకు లేదు. పెద్దకొమ్ములోనికి నోరుపెట్టి పాడవలసియుండెను. పళ్ళెమునకు ఒకవైపున సుమారు మూడు నిమిషముల పాట పట్టును. 1925 ప్రాంతమున విద్యుచ్ఛక్తితో పనిచేయు మైకు అమలులోనికి వచ్చువరకు, బిగ్గరగా మ్రోగు వాద్యములను కొమ్మునకు దూరముగా కూర్చుండబెట్టెడివారు. నేటి మైకు అట్లు బాధింపదు. మరియొక తీరున బాధించును. అది సర్వమును వినును. ఫ్యాను తిరుగుట, పొరుగింటి కుక్కరు కూత, చొక్కా గుండీ ఫిడేలునకు తగులుట, నా యూపిరి – అన్నియు దానికి సంగీతమే. నేను మొదట మైకును ఫిడేలునకు జానెడు దూరమున నిలిపితిని. తీరా వినగా నాదముకంటె కమాను వెండ్రుకల గరగర హెచ్చుగా నుండెను. మూడడుగులు ఎగువకు జరిపి, తీగలను మోయు గుర్రమువైపు వంచగా గరగర తగ్గెను. కాని సిమెంటు గోడలు ప్రతి స్వరమును తిరిగి యప్పగించుచుండెను. దండెముమీద రెండు పాతబొంతలు వ్రేలాడదీసి వాని నడుమ కూర్చుంటిని. చూచువారికి చాకలియింట ఫిడేలు వాయించుచున్నట్లుండెను గాని, వినుటకు బాగుగానే యుండెను.

ఆ చిన్నపెట్టె చేయు పనిని రెండు మాటలలో చెప్పెదను. అది నాదమును సెకండునకు 44,100 మారులు కొలిచి, కొలత కొలతను ఒక అంకెగా వ్రాసికొనును. పదునారు బిట్ల లెక్కలో ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు. అన్నింటికి పైమెట్టును దాటిన నాదమునకు చోటు లేదు, తల తరిగినట్లగును. దానిని పిమ్మట బాగుచేయుట దుర్ఘటము. కావున ఎంత గట్టిగా వాయించినను సూచిక సున్నకు పండ్రెండు డెసిబెల్లులు దిగువనే యుండునట్లు మర తిప్పి యుంచుట క్షేమము. ఈ సంగతి తెలియక నేను మొదటి వారమంతయు వాయించిన తారస్థాయి యెల్ల పగిలిపోయినది.

మరియొక చిక్కు వచ్చెను. హెడ్‌ఫోను పెట్టుకొని వాయించుచుండ నా స్వరము నాకే ఆలస్యముగా వినబడుచుండెను. యంత్రము ధ్వనిని చుక్కచుక్కగా గాక దోసిలి దోసిలిగా అందుకొనును. దోసిలికి 512 కొలతలని నియమించినచో అది నిండుటకు సెకండులో వేయింట సుమారు పండ్రెండు వంతులు పట్టును. వెలికి పంపుటకు మరల నంత. ఆపాటి కాలములో గాలియందు శబ్దము ఎనిమిది మీటర్లు పోవును. అనగా, నా ఫిడేలును వీధిగుమ్మములో ఎవరో వాయించుచుండగా నేను నట్టింట కూర్చుండి వినుచున్నట్లు! దోసిలిని 128 కి తగ్గింపగా ఆ యెవరో వచ్చి రెండు మీటర్ల దూరమున కూర్చుండెను. కచేరీలో మృదంగమువారు కూర్చుండు దూరము కూడ ఇంచుమించుగ నదియే. దోసిలిని ఇంకను తగ్గించినచో యంత్రము తడబడి చిటపటలాడును.

ఇక తాళము. తెరమీద పంచాంగమువలె గళ్ళపట్టిక కానవచ్చును. పైనుండి క్రిందికి వరుస కొక దెబ్బ. ఎడమనుండి కుడికి కాలము. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు. చతురశ్రగతిలో అక్షరమునకు నాలుగు చొప్పున ముప్పదిరెండు గళ్ళు. ఏ గడిని నొక్కుదుమో అచ్చట ఆ దెబ్బ పలుకును. దెబ్బ బరువును 1 మొదలు 127 వరకు అంకెలలో నిర్ణయింపవచ్చును. వాద్యయంత్రము లన్నియు ఒండొంటితో మాటలాడుకొనుటకై 1983 లో మిడి అను కట్టుబాటు ఏర్పడినది; ఈ 127 అందులోనిదే. మిశ్రచాపు కావలసినచో, అక్షరములు నాలుగు గాదు, ఏడని యంత్రమునకు ముందుగా చెప్పవలెను. చెప్పనిచో అది యెనిమిదవదానికై ఎదురుచూచుచుండును.

నేను నిమిషమునకు డెబ్బది అక్షరముల కాలప్రమాణము నిర్ణయించి, ముప్పదిరెండు గళ్ళను తకధిమితో నింపి, ప్రతిదెబ్బకును నూరు బరువు పెట్టి, కంప్యూటరును సంచిలో వేసికొని అన్నయ్యగారి యింటికి బోయితిని. వారు రెండావర్తములు వినిరి.

"తమ్ముడూ, ఇది మృదంగము గాదు, ధాన్యపుమిల్లు" అనిరి.

పిదప తామే నేర్పుటకు పూనుకొనిరి. వారికి కంప్యూటరు తెలియదు. నాకు మృదంగము తెలియదు. వారు నోటితో జతి చెప్పెడివారు. నేను గళ్ళలో వ్రాసెడివాడను. మొదట వారు చెప్పినది వేయవలసిన దెబ్బలు గాదు, తీసివేయవలసినవి. "ఇచ్చట ఊరకుండుము. ఇచ్చట నీవు స్వరము పట్టి నిలుతువు గదా, నేనేల మాటలాడవలెను?" అని యొక్కొక్క గడిని చెరిపింపగా ముప్పదిరెండింటిలో పందొమ్మిది మిగిలెను. తరువాత బరువులు. ఒక తకధిమిలో నాలుగు దెబ్బలకు 104, 58, 82, 50 అని నిర్ణయించుటకు మాకొక సాయంకాలము పట్టెను. అటుపిమ్మట ఒకే నం ప్రతిమారును అచ్చు గ్రుద్దినట్లు పలుకుట వారి చెవికి కంటకమాయెను. మనిషి ఒకే దెబ్బను రెండుమారులు ఒక్కలాగున కొట్టలేడు. కావున ప్రతిదెబ్బకును మూడు నాలుగు మాదిరులు పెట్టి, వంతులవారీగా పలుకునట్లు చేసితిమి. చివరకు కొన్ని దెబ్బలను గడిగీతనుండి సెకండులో వేయింట పదివంతులు వెనుకకు జరిపితిమి. ఆ కాలప్రమాణములో ఒక గడి వేయింట 214 వంతులు. అందు పది యెంత? అయినను ఆ జరుపుడుతో మిల్లు ఆగి మనిషి కూర్చున్నట్లాయెను.

ఈ గడిగీతల కథ క్రొత్తది గాదు. 1980 లో అమెరికాలో రోజర్ లిన్ అనునాతడు నిజమైన డోళ్ళ ధ్వనులను అంకెలుగా మార్చి దాచిన యంత్రమును మొట్టమొదట అమ్మకమునకు తెచ్చెను. మనిషి మీటలపై తప్పుగా వాయించిన దెబ్బలను దగ్గరి గీతమీదికి లాగి సరిదిద్దు నేర్పు దానికి గలదు. గీతనుండి కొంత తొలగించి ఊగునట్లు చేయు నేర్పును గలదు. అనగా, దానిని చేసినవానికే గీత చాలదని మొదటనే తెలియును. మన రేడియోవారు 1940 లో హార్మోనియమును నిషేధించిరి. 1971 లో గాని ఆ నిషేధము సడలలేదు. స్వరమునకొక మెట్టు బిగించిన పెట్టెలో గమకము పలుకదని వారి యాక్షేపణ. స్వరమునకు మెట్టు ఎట్టిదో కాలమునకు గడి యట్టిది. హార్మోనియమును బహిష్కరించుట నా మతము గాదు. మంచి చేతిలో అది పలికిన పలుకులు నేను వినియున్నాను. కాని మెట్టునకును మెట్టునకును నడుమ నేమున్నదో ఎరిగినవాడే ఆ మెట్లను ముట్టవలెనని నా యభిప్రాయము.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. పెట్టె వాయించుట కొంత కుదిరిన దినములలో ఒక పెండ్లివారు వచ్చి, స్నాతకమునాటి సాయంకాలము ఫిడేలు కచేరీ కావలెననిరి. మాటలలో, "మృదంగమువారు వేరేల? మీ యింట యంత్రమున్నదట గదా, ఒకరి సంభావన తగ్గును" అనిరి. నేను కాదనవలసినది, అనలేదు. నా పెట్టెను నలుగురిలో చూపవలెనను ఉబలాటము నాకు లోన నుండెను. కచేరీలో కృతి సాగినంతసేపు బాగుగానే యుండెను. స్వరకల్పనకు వచ్చునప్పటికి నాకును పెట్టెకును దూరమేర్పడసాగెను. ఒక ముక్తాయింపుకడ నేను సమమునకు వచ్చితిని. పెట్టె ఇంకను అరయక్షరము వెనుక నున్నది. కమానును గాలిలో నిలిపి, చిరునవ్వు నవ్వి, దానికై వేచియుంటిని. సభవారు భోజనముల సందడిలో నుండుటచేత బ్రదికితిని.

మరునాడు అన్నయ్యగారి శిష్యుడు, ఇరువదియైదేండ్లవాడు, టెలిఫోను చేసెను. గురువుగారు పడిపోయిన పిమ్మట నా కచేరీలకు వచ్చుచున్నవాడతడే. "బాబాయిగారూ, నిన్నటి ముహూర్తమునాడు నేను ఖాళీగానే యుంటినండి" అనెను. అంతకుమించి ఒక్కమాట యనలేదు. నాకు వచ్చిన సొమ్ములో మార్దంగికుని పాలు తీసి అతనికి బంపితిని. అతడు తిప్పి పంపెను. నాటినుండి ఆ పెట్టె మా యింటి గడప దాటి కచేరీకి రాలేదు.

అన్నయ్యగారికి ఈ సంగతి తెలిసెను. కోపపడుదురని తలచితిని. వారు, "అది ఎంత వెనుకబడెను?" అని మాత్రమే అడిగిరి. అరయక్షరమని చెప్పి, పెట్టెలో లోపమున్నదని వాదించితిని. వారు నవ్వి ఊరకుండిరి. ఆ నవ్వు నాకు రాత్రి నిద్రపట్టనీయలేదు. మరునాడు అటకమీదినుండి 1987 నాటి మా కచేరీ క్యాసెట్టు దింపి, పాత టేపురికార్డరు తలను స్పిరిటు దూదితో తుడిచి, తీగతో కంప్యూటరునకు తగిలించి దానిని ఎక్కించితిని. తెరమీద దెబ్బలు ముండ్లవలె నిలిచి కానవచ్చును. దెబ్బకు దెబ్బకు నడుమ కాలము కొలువవచ్చును. పల్లవినాడు మా నడక నిమిషమునకు డెబ్బది యక్షరములు. స్వరకల్పన చివర డెబ్బదియారు. టేపు వేగము మారెనేమోయని శ్రుతి పరీక్షించితిని, శ్రుతి కదలలేదు.

పరుగెత్తినది వారా, నేనా? ఆవర్తము ఆవర్తముగా చూచితిని. ప్రతిచోటను నా స్వరము గీతకు ముందుగా వచ్చుచున్నది. రెండు మూడక్షరముల పిమ్మట మృదంగము దానిని చేరుకొనుచున్నది. ముక్తాయింపునకు వచ్చునప్పటికి ఇద్దరమును ఒక్కచోటనే యున్నాము. సభలో నెవరికిని తెలియదు. ముప్పదిరెండేండ్లు నాకును తెలియలేదు. లయ నాకు దిట్టమని నలుగురు మెచ్చుచుండగా, ఔను గాబోలు ననుకొనుచుంటిని. నన్ను పడనీయక వెంట నడచిన చేయి ఒకటున్నదని, నా వెంట నడువని పెట్టె వచ్చినగాని నాకు తెలిసిరాలేదు.

ఆ లెక్కలు కాగితముమీద వ్రాసికొని పోయి వారి ముందు పెట్టితిని. వదినగారు కాఫీ తెచ్చి యిచ్చిరి. అన్నయ్యగారు కాగితమువంక చూడక, "తెలియకేమి తమ్ముడూ! పక్కవాద్యము మరి దేనికున్నది?" అనిరి.

ఆ క్యాసెట్టులో వారి తనియావర్తనము పదునాలుగు నిమిషములున్నది. అప్పుడు ఫిడేలును గాత్రమును ఆగియుండును. తంబుర యొక్కటే వెనుక మ్రోగుచుండును. విలంబముగా మొదలుపెట్టిన భాగములో కొన్ని దెబ్బలు ఒండొంటికి తగులక విడివిడిగా నున్నవి. ఆ దెబ్బలను కోసి తీసి పెట్టెలో నమర్చినచో వారి కుడిచేయియే పలుకును గదా యని నాకు తోచెను. వారి యనుమతి అడిగితిని. కొంతసేపు ఏమియు ననక, "నా చేయి నాకు వినవలెనని యున్నది" అనిరి.

ఆ పనికి రెండు నెలలు పట్టెను. ఎడమమూత కలియక కుడిమూత యొక్కటే పలికిన దెబ్బలు ఇరువదిమూడు దొరకినవి. అందు నం ఆరు, ది నాలుగు, చాపు అయిదు, మిగిలినవి మీటులును చిల్లరవియు. నాదమును కోసినచోట టిక్కుమను చప్పుడు వచ్చును. కోతకు ఇరుప్రక్కల సెకండులో వేయింట నాలుగైదు వంతులమేర ధ్వనిని క్రమముగా తగ్గించి పెంచినచో అది మాయమగును. నాటి గాయకుని శ్రుతి ఒకటిన్నర. నేనిప్పుడు ఇంట రెండు శ్రుతికి కట్టుకొందును. అర శ్రుతి పెంచుటకు నూటికి ఆరువంతులు వేగము హెచ్చించిన చాలును. ఆపాటి మార్పునకు మృదంగము తన స్వభావము మార్చుకొనదు. వెనుకనున్న తంబురయు దానితోడనే పైకి వచ్చి కలిసెను. టేపు బుసబుస మాత్రము ప్రతిదెబ్బ వెనుకను కొంచెము మిగిలినది. ఉండనిచ్చితిని.

ఎడమచేయి సంగతి వేరు. గుంకీ యని, మణికట్టుతో మూతను నొక్కి నాదమును జార్చుదురు. అది దెబ్బ గాదు, ఒక స్వరమునుండి వేరొక స్వరమునకు ప్రయాణము. గళ్ళలో నది యిముడదు. దానికి మేము యంత్రమును ఆశ్రయింపలేదు. అన్నయ్యగారి ఎడమచేయి బాగుగానే యున్నది గదా! శిష్యుడు వచ్చి మృదంగము దింపి, రవ్వ తడిపి ఎడమమూతకు ముద్దపెట్టెను. హెడ్‌ఫోనులో తమ కుడిచేయి వినుచు ఎడమచేత వారు వాయించిరి. మొదటి దెబ్బ వినబడినప్పుడు వారు వాయింపక ఆగిరి. మేమెవరమును మాటలాడలేదు. నాల్గవ ఆవర్తమునకు ఎడమచేయి లేచెను.

కల్యాణిరాగమున ఆదితాళ కృతి నొకదానిని బొంతల నడుమ అట్లు ముద్రించితిమి. నేను స్వరకల్పనలో పరుగెత్తరాదని కట్టుదిట్టము చేసికొని, పెట్టె నడకను మొదటినుండి చివరివరకు డెబ్బదియందే బిగించి కూర్చుంటిని. అంతయు ముగిసి తిరిగి వినుచుండగా, చివరి యావర్తములలో కుడిచేయి గీతమీదనే యున్నది. ఎడమచేయి మాత్రము దానిని విడిచి కొంచెము ముందుకు వచ్చి యున్నది. అన్నయ్యగారు హెడ్‌ఫోను తీసి నా యొడిలో బెట్టి, "ఇంకను పరుగెత్తుచునే యున్నావు, తమ్ముడూ" అనిరి.

శిష్యుడు నవ్వెను. మరల మొదటినుండి వాయించితిమి.